మౌంట్ ఎయిరీలో రెండు రాత్రులు, గుడారాల మధ్య బాంజో

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. మా పక్కింటాయన బాంజో అనే ఐదు తీగల వాద్యం వాయిస్తారు. ప్రతి జూన్‌లోనూ మౌంట్ ఎయిరీ ఫిడ్లర్స్ కన్వెన్షన్ అనే జానపద సంగీత పోటీల జాతరకి వెళ్తారు. ఇప్పటికి రెండుసార్లు ఆయన వెంట నేనూ వెళ్లాను. కారులో రెండున్నర గంటల ప్రయాణం.

మొదటిసారి హైవే పక్కన మోటెల్ తీసుకుని తప్పు చేశాను. గదంతా సిగరెట్ కంపు, మార్చమంటే మార్చలేదు. అది ఎలాగోలా సర్దుకున్నా, అసలు నష్టం వేరే. స్టేజీ మీద పోటీలు చూసి పదింటికి గదికొచ్చి పడుకున్నాను. అసలు సంగీతం ఆ తర్వాతే మొదలవుతుందని తెల్లారాక తెలిసింది.

అందుకే ఈసారి కన్వెన్షన్ జరిగే వెటరన్స్ మెమోరియల్ పార్క్‌లోనే టెంట్ వేశాం. సౌకర్యాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. స్నానాలకి క్యూ ఉంటుంది, తెల్లవారుజామునే వెళ్లడం మేలు. వాన పడితే బురద. శాకాహారులకి స్టాళ్లలో పెద్దగా ఏమీ దొరకదు. మేం పులిహోర కలుపుకుని వెళ్లాం, పక్క టెంట్ల వాళ్లే సగం ఖాళీ చేశారు. నిద్ర గురించి టెన్షన్ పడేవాళ్లకి ఈ చోటు పనికిరాదు. మిగతావాళ్లు మాత్రం మోటెల్ జోలికి పోకండి.

చీకటి పడ్డాక టెంట్ల మధ్య నలుగురైదుగురు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. వీళ్లు వాయించే ఓల్డ్ టైమ్ అనే పాత జానపద బాణీలో, దానికంటే కొత్తదైన బ్లూగ్రాస్ బాణీలోలాగా ఒకరి తర్వాత ఒకరు సోలో వాయించడం ఉండదు. అందరూ ఒకే వరసని పట్టుకుని పది నిమిషాలైనా వాయిస్తారు. బాంజో శ్రుతి మార్చుకోవడం పెద్ద పని కాబట్టి, ఒక శ్రుతిలో కూర్చుంటే గంటసేపు అందులోనే పాటలన్నీ.

నేను మా పక్కింటాయన కుడిచేతి పక్కనే కూర్చున్నాను. క్లాహామర్ పద్ధతిలో వేళ్లతో తీగని పైకి లాగరు. గోటితో కిందికి కొడతారు, ఆ వెంటనే బొటనవేలు పొట్టిగా ఉండి దాదాపు ఎప్పుడూ ఒకే స్వరం పలికే ఐదో తీగని మీటుతుంది. ఆయన గోరు విరిగితే పింగ్‌పాంగ్ బంతి ముక్క కత్తిరించి గోటిమీద జిగురుతో అంటించుకున్నారు. వాయించీ వాయించీ బాంజో తోలు మీద గోరు తగిలేచోట నున్నగా అరిగిపోయింది.

మౌంట్ ఎయిరీ పక్కనే రౌండ్ పీక్ అనే ప్రాంతం ఉంది. టామీ జారెల్ (1901–1985) పెరిగింది అక్కడే. ఆయన ఫిడేలూ బాంజో రెండూ వాయించేవారు. నేర్చుకుందామని వచ్చిన కుర్రాళ్లని ఇంట్లోనే ఉంచుకుని నేర్పేవారు. మా గుంపులో ఒక పెద్దాయన వాయించే మెట్లులేని బాంజోలో ఆ బాణీయే వినిపిస్తుంది. అసలీ వాద్యానికి మూలం ఆఫ్రికా. అక్కణ్ణుంచి బానిసలుగా రావాల్సివచ్చినవాళ్లు ఆనపకాయ బుర్రకి తోలు బిగించి చేసుకున్నదే ఇలా మారింది. ఈ కొండల్లో బాంజో వినేవాళ్లెవరూ ఆ మాట మరిచిపోకూడదు.

టెంట్ వద్దనుకునేవాళ్లకి ఊళ్లో ఎర్ల్ థియేటర్ ఉంది. అక్కడ శనివారాలు డబ్ల్యూపీఏక్యూ రేడియో వాళ్ల లైవ్ కార్యక్రమం జరుగుతుంది. ఆ స్టేషన్ 1948 నుంచి నడుస్తోంది. ఆదివారం తిరుగుప్రయాణానికి ముందు బ్లూ రిడ్జ్ మ్యూజిక్ సెంటర్‌కి వెళ్లాం. మధ్యాహ్నం వసారాలో వాయిస్తుంటే ఉచితంగా వినొచ్చు, పిల్లలున్నవాళ్లకి అన్నిటికంటే అదే హాయి. వర్జీనియాలోని గెలాక్స్‌లో 1935లో మొదలైన ఇలాంటి కన్వెన్షనే ఆగస్టులో జరుగుతుంది. దానికి ఇంకా వెళ్లలేదు.

అర్ధరాత్రి దాటాక వాయించినవి, అందరినీ అడిగే ఫోన్‌లో రికార్డ్ చేశాను. మధ్యమధ్యలో దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ ఉన్నాయి, వేటినీ తీసేయలేదు. వాయించినవాళ్లందరికీ పంపి, ఒకటి తెనాలిలో అమ్మకి కూడా పంపాను. రెండుసార్లు విందట. ఫోన్ చేసి, "బాగుందిరా, ఇంతకీ ఆ తంబురా ఎవరు వేస్తున్నారు?" అని అడిగింది.

బాంజో మెడ మధ్యలో ఉండే ఐదో తీగ బిరడాని ఫోటో తీసి పంపాను.