సింగపూరులో ఖర్చు తగ్గించుకోదగిన చోట్లు, తగ్గించుకోకూడని చోట్లు

విజయనగరంలో సాయంత్రం కారెక్కినవారు విశాఖపట్నం నుంచి నేరుగా నడిచే స్కూట్ అనే చవక సంస్థ విమానంలో తెల్లవారేసరికి సింగపూరులో దిగవచ్చు. ఇంత దగ్గర కావడంతో మన జిల్లా నుంచి వెళ్లివచ్చే కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. వెళ్లివచ్చినవారిలో కొందరు డబ్బు మంచినీళ్లలా ఖర్చయిందని వాపోతారు, మరికొందరు అనుకున్నంత కాలేదని చెబుతారు. నేను, నా భార్య, మా అత్తగారు, బడికి వెళ్లే మా అబ్బాయి కలిసి వెళ్లివచ్చిన తరువాత ఈ రెండు మాటలూ నిజమేనని నాకు అర్థమైంది. ఆ ఊరి సామాన్య జనం తినే తిండి, ఎక్కే రైలు, తిరిగే తోటలు మనకు కూడా అందుబాటులోనే ఉంటాయి. బస, టాక్సీ, మద్యం, పర్యాటకుల కోసమే ఏర్పాటు చేసిన వినోదాలు మాత్రం అక్కడి డాలరు మన 60 రూపాయలకు పైనే ఉన్న ఈ రోజుల్లో గుండె గుభేలుమనిపిస్తాయి.

చవక విమానాల్లో మొదట కనిపించే ధర మనిషికీ, 10 కిలోల చేతి సామానుకూ మాత్రమే వర్తిస్తుంది. పెద్ద పెట్టె ఉంటే దాని రుసుము టిక్కెట్టుతోపాటే చెల్లించాలి, ఎందుకంటే విమానాశ్రయంలో అడిగితే అదే బరువుకు చాలా ఎక్కువ తీసుకుంటారు. మనవారికి వీసా తప్పనిసరి. దాని అసలు రుసుము 30 డాలర్లే అయినా దరఖాస్తు అధీకృత ఏజెంట్ల ద్వారా వెళ్లాలి గనుక, వారి సేవా రుసుము ఎంతో ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకోవడం మేలు. మా ఊళ్లోనే ఒక ఏజెంటు చెప్పిన మొత్తానికీ మరొకరు చెప్పిన మొత్తానికీ పొంతన లేదు. ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపల నింపవలసిన ఎస్‌జీ అరైవల్ కార్డు అనే ఆన్‌లైన్ ప్రవేశ పత్రం పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించి వెంటనే మూసివేయాలి.

వంట సామాను మోసుకెళ్లే అలవాటు ఉన్నవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. గసగసాలు సింగపూరులో నిషిద్ధ వస్తువు. ఇంట్లో కొట్టుకున్న మసాలా పొడిలో అవి కలిసి ఉంటే ఆ డబ్బాను ఇక్కడే వదిలి వెళ్లాలి. మాంసంతో చేసిన పచ్చళ్లు కూడా తీసుకెళ్లకూడదు.

చాంగీ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి టాక్సీకి దాదాపు 30 డాలర్లు అవుతుంది, అర్ధరాత్రి దాటితే దాని మీద మరో సగం అదనంగా వేస్తారు. మెట్రోలో అయితే మనిషికి మూడు డాలర్లలోపే సరిపోతుంది. లిటిల్ ఇండియాకు వెళ్లేవారు విమానాశ్రయం తరువాత వచ్చే ఎక్స్‌పో స్టేషనులోనే దిగి డౌన్‌టౌన్ లైను ఎక్కితే మళ్లీ ఎక్కడా మారవలసిన పని లేదు. మెట్రోలోనూ బస్సులోనూ మన బ్యాంకు కార్డునే యంత్రానికి తాకించి వెళ్లవచ్చు. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డు ఉండాలి, విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్ల రుసుము పడుతుంది, మన బ్యాంకు వసూలు చేసే మారక రుసుము దీనికి అదనం. ఇద్దరు రెండు రోజులు తిరగడానికి ఇది పెద్ద భారం కాదు, కుటుంబంతో ఎక్కువ రోజులు ఉండేవారు మాత్రం స్థానిక ఈజీ లింక్ కార్డులు కొనుక్కోవడమే లాభం. రైలులో చేగోడీ నోట్లో వేసుకున్నా, మంచినీళ్లు గుటక వేసినా 500 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చని మా అత్తగారికి ముందే చెప్పి ఉంచాము. ఆవిడ మాత్రం ఆ దేశాన్ని ఆ ఒక్క కారణానికే ఇప్పటికీ క్షమించలేదు.

నా అభిప్రాయంలో పొదుపు పనికిరాని చోటు బస ఒక్కటే. లిటిల్ ఇండియా, లావెండర్, గేలాంగ్ ప్రాంతాలలో గదులు మెరీనా బే వైపు కంటే చాలా తక్కువకు దొరుకుతాయి, కాని అన్ని వీధులూ ఒకటి కాదు. గేలాంగ్‌లో కొన్ని సందులు వేశ్యావాటికలు ఉన్నవి గనుక పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారు అక్కడి చవక ధరకు ఆశపడకపోవడమే మంచిది. మేము మొదట దిగిన ఒక చిన్న హోటలులో గదికి కిటికీ లేదు. పెట్టె తెరిస్తే స్నానాలగది తలుపు తెరుచుకోదు, తలుపు తీయాలంటే పెట్టెను మంచం మీదికి ఎత్తాలి, తెల్లవారిందో లేదో తెలుసుకోవడానికి ఫోను చూసుకోవాలి. సింగపూరులోని చవక గదులలో కిటికీ లేకపోవడం సర్వసాధారణం. ఆ సంగతిని గది వివరాలలో చిన్న అక్షరాలతో రాస్తారు కూడా. ఆ తరువాత ఫారర్ పార్క్ స్టేషను దగ్గర, కిటికీ ఉన్న గదికి కొంత ఎక్కువ చెల్లించి మారాము. స్టేషనుకు నాలుగు అడుగుల దూరంలో బస ఉంటే మధ్యాహ్నం ఎండలో పెద్దవారు వచ్చి నడుము వాల్చవచ్చు, లేకపోతే అదే విశ్రాంతిని కాఫీ దుకాణాలలో కొనుక్కోవలసి వస్తుంది. తెల్లవారుజామున దిగినవారికి గది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు గాని ఇవ్వరు. సామాను మాత్రం చాలా హోటళ్లలో ముందుగానే ఉంచుకోనిస్తారు.

తిండి విషయంలో భయపడవలసిన పనే లేదు. వీధి వంటవారందరినీ ఒక కప్పు కిందికి చేర్చి ప్రభుత్వం నిర్మించిన హాకర్ సెంటర్లు ఊరంతా ఉన్నాయి. ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా లభించింది. లిటిల్ ఇండియా స్టేషను మెట్లు ఎక్కగానే ఎదురయ్యే టెక్కా సెంటరులో దోసె, పరోటా, బిర్యానీ, చేపల పులుసు అన్నీ ఉంటాయి. నాలుగైదు డాలర్లతో ఒక మనిషి కడుపు నిండుతుంది, గ్లాసు నుంచి గ్లాసుకు బారెడు ఎత్తున తిరగపోసి ఇచ్చే టీ రెండు డాలర్ల లోపే. ఖాళీ బల్ల మీద కాగితపు రుమాళ్ల పొట్లం ఒకటే కనిపిస్తే దాన్ని ఎవరో మరచిపోయారనుకోకూడదు, ఆ చోటు మరొకరు పట్టుకున్నారని అర్థం. మన బస్సు సీటులో తువ్వాలు వేసినట్టే. తిన్న పళ్లెం ఎవరికి వారు తీసి నిర్ణీత స్థలంలో పెట్టాలి. అదే ఏసీ రెస్టారెంటులో కూర్చుంటే, పట్టికలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉన్నాయేమో చూసుకోవాలి. ఆ గుర్తులు ఉంటే 10 శాతం సేవా రుసుము, దాని మీద 9 శాతం జీఎస్టీ కలిసి బిల్లు దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. శాకాహారులకు సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది. కుళాయి నీరు నేరుగా తాగవచ్చు కాబట్టి సీసాలు కొనడం వృథా ఖర్చు.

చూడదగిన వాటిలో ఉత్తమమైనవి ఉచితం కావడం ఈ నగరం ప్రత్యేకత. 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన బొటానిక్ గార్డెన్స్‌లో ఆర్కిడ్ తోటకు తప్ప ప్రవేశ రుసుము లేదు. గార్డెన్స్ బై ది బేలో ఉక్కు మహావృక్షాల కింద రాత్రి 7.45కు, 8.45కు జరిగే దీపాల ప్రదర్శనకు ఎవరూ టిక్కెట్టు అడగరు. మొదటి ప్రదర్శన చూసి నింపాదిగా నడిచి వెళ్తే మెరీనా బే సాండ్స్ హోటలు ముందు 9 గంటలకు జరిగే నీటి ప్రదర్శన కూడా అందుతుంది. నేల మీద చాప పరుచుకొని వెల్లకిలా పడుకుంటే చెట్ల దీపాలు బాగా కనిపిస్తాయి. 1827 నాటి శ్రీ మారియమ్మన్ ఆలయం, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెల అత్తగారి కోరిక మేరకు చూశాము, రెండూ వెళ్లదగినవే.

టిక్కెట్టు కొని చూసే వాటిలో ఒకదానినే ఎంచుకోవలసి వస్తే, పొగమంచు కప్పిన కృత్రిమ కొండ ఉన్న క్లౌడ్ ఫారెస్టును కాక, 1994లో మొదలైన, రాత్రిపూట జంతువులను చూపించే నైట్ సఫారీనే నేను ఎంచుకుంటాను. అరకు ఘాట్‌లో నిజమైన పొగమంచు చూసిన మనకు గాజు గోడల మధ్య మంచు చూడటానికి అంత ధర ఎందుకనిపించింది, అయితే మా అబ్బాయి దీనితో ఏకీభవించడు. యూనివర్సల్ స్టూడియోస్‌కు పెద్దవారికి 80 డాలర్లకు పైనే అవుతుంది. ఆటలు ఎక్కని పెద్దలకు ఆ టిక్కెట్టు దండగ. మన ఊళ్లో అమ్మే ప్యాకేజీలలో మాత్రం అందరికీ కలిపి దానినే అంటగడతారు. సెంటోసా ద్వీపానికి మోనోరైలులో వెళ్తే 4 డాలర్లు, వివోసిటీ మాల్ పక్కనుంచి వంతెన మీద నడిచి వెళ్తే ఏమీ లేదు, లోపల బస్సులు కూడా ఉచితమే. నలభై మీటర్ల జలపాతం ఉన్న చాంగీలోని జ్యూయెల్ భవనాన్ని తెల్లవారి దిగగానే చూడాలనుకోవద్దు. అంత పొద్దున్న నీరు వదలరు గనుక తిరుగు ప్రయాణం రోజుకు దానిని దాచుకోవాలి.

కొనుగోళ్లకు అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే ముస్తఫా సెంటరు చాలు. ఒకే దుకాణంలో ఒకే రోజున, మూడు రసీదులకు మించకుండా, 100 డాలర్లకు పైగా కొన్న పర్యాటకులకు జీఎస్టీలో చాలా భాగం తిరిగి వస్తుంది. ఇందుకు కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి, విమానాశ్రయంలో పెట్టె అప్పగించక ముందే వాపసు యంత్రం వద్ద ఆ పని ముగించాలి, అడిగితే వస్తువు చూపించడానికి సిద్ధంగా ఉండాలి. చాక్లెట్లు, సబ్బులు, బామ్ సీసాలు బంధువుల జాబితా ప్రకారం కొంటూపోతే వాపసు వచ్చిన సొమ్ము అదనపు సామాను రుసుముకే సరిపోతుంది. కనుక వంద గ్రాముల బరువైనా లేని చిన్న కొక్కెం త్రాసు ఒకటి ఇంటి నుంచే పెట్టెలో వేసుకొని వెళ్లి, బయలుదేరే ముందు రోజు రాత్రి గదిలోనే తూచుకోవడం మంచిది.