ఎంబరాకానా, మిసియానీనా: ముందు ఎవరిని వినాలి?

తూర్పు ఆఫ్రికా గిటార్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నాకు రెండు పేర్లు తోస్తాయి: ఎంబరాకా మ్విన్‌షెహె, డి.ఓ. మిసియాని. ఇద్దరూ టాంజానియాలో పుట్టినవాళ్లే. ఇద్దరూ గిటార్ వాయిస్తూ, పాడుతూ, సొంత బ్యాండు నడిపినవాళ్లే. ఇద్దరినీ కెన్యా రోడ్లే పొట్టనపెట్టుకున్నాయి. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి దారి వారిది.

1944లో పుట్టిన ఎంబరాకా మొరొగొరో జాజ్ బ్యాండులో పేరు తెచ్చుకున్నారు. (పేరులో జాజ్ ఉన్నా అమెరికా జాజ్‌తో దీనికి పెద్దగా సంబంధం లేదు. తూర్పు ఆఫ్రికాలో డాన్సు బ్యాండ్లు పెట్టుకునే పేరది.) 1970లో జపాన్‌లోని ఒసాకా ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శనలో టాంజానియా తరఫున వాయించారు. 1973లో విడిపోయి సూపర్ వోల్కానో అనే సొంత బ్యాండు పెట్టారు. ఆయన పాటలో క్యూబా, కాంగోల రుంబా డాన్సు సంగీతపు నడక వినిపిస్తుంది. ఆ గిటార్‌కు తొందర లేదు, గొంతు ఆగిన చోట అందుకుని మాట్లాడుతుంది. స్వాహిలీ రాకపోయినా ‘షిదా’ వింటే అది కష్టాల పాటని తెలిసిపోతుంది. 1979 జనవరిలో మొంబాసా దగ్గర కారు ప్రమాదంలో పోయారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు.

మిసియాని 1940లో, కెన్యా సరిహద్దును ఆనుకుని ఉన్న షిరాటి ప్రాంతంలో పుట్టారు. తన బ్యాండుకూ ఆ ఊరి పేరే పెట్టారు: షిరాటి జాజ్. వాయించింది బెంగా అనే గిటార్ సంగీతం. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ఉండే లువో ప్రజలకు న్యాతితి అనే ఎనిమిది తీగల వాయిద్యం ఉంది. దాని మీద వేళ్లు పరిగెత్తే తీరునే బెంగా గిటార్ పట్టుకుంది. ముందు గొంతులు కలిసి కథ చెబుతాయి, తర్వాత పాడేవాళ్లు తప్పుకుంటారు, గిటార్లు జోరందుకుంటాయి. బేస్ గిటార్ కూడా వెనక నక్కి ఉండదు, తోసుకుంటూ ముందుకొస్తుంది. ఈ సంగీతాన్ని రికార్డు చేసి అమ్మినవాళ్లలో కెరీచో అనే తేయాకు పట్నంలోని చందరానా దుకాణం ఒకటి, భారతీయ మూలాలున్న కుటుంబానిది. అది తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో!

మిసియాని బైబిలు కథల్లో, జంతువుల కథల్లో చుట్టి రాజకీయం పాడారు. ఆ పాటల వల్ల కెన్యాలో అరెస్టులూ చవిచూశారు. అయినా పాడటం మానలేదు. నలభై ఏళ్లు బ్యాండును నిలబెట్టి, 2006లో కిసుము దగ్గర ప్రమాదంలో పోయారు.

గిటార్ తియ్యదనమే కావాలంటే ఎంబరాకాకే నా ఓటు. ఆయన సోలోలో ఒక్క స్వరం కూడా ఎక్కువనిపించదు. ఇంకో ఇరవై ఏళ్లు బతికుంటే నా తీర్పు మొత్తం మారిపోయేదేమో. కానీ బ్యాండు నాయకుడిగా తూచితే మిసియానీదే పైచేయి. లువో ప్రజల వాయిద్యపు నడకను పట్టుకుని, వాయించేవాళ్లు మారుతున్నా అదే శబ్దాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టడం చిన్న పని కాదు. అందుకే కొత్తవాళ్లకు నేను ముందు ఆయన్నే వినమంటాను. మొదటి నిమిషంలోనే పాట తేల్చేయొద్దు. గొంతులు ఆగేదాకా ఓపిక పట్టండి, అసలు బెంగా అక్కడే మొదలవుతుంది.