టెయిల్‌స్టాక్ డ్రిల్ చక్: ఆరేళ్లు పిడులు తొలిచాక

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఎక్కడ చూసినా పడిపోయిన పనస, చింత దుంగలే. ఆ కర్ర చూసి ఆశపడి, కొడవలి పిడుల పని పెంచుదామని మరుసటేడు కర్ర తిప్పి చెక్కే నా లేత్‌కి ఈ చక్ కొన్నాను. లేత్ వెనకవైపు జరిపే దిమ్మ, అదే టెయిల్‌స్టాక్, దాంట్లో కూర్చుని బిట్‌ని పట్టుకుంటుంది. 13 ఎం.ఎం. దాకా బిట్ పడుతుంది, వెనక రెండో నంబరు మోర్స్ టేపర్, అంటే టెయిల్‌స్టాక్ బెజ్జంలో బిగుసుకునే సన్నబారిన కాడ. బరంపురంలో ఇనప సామాన్ల కొట్లో దొరికింది, పేరున్న సరుకేం కాదు.

మా వైపు కొడవలి తోక పిడిలోంచి అవతలి కొస దాకా వెళ్లి, అక్కడ మడత పడాలి. ఉలి పిడిలా సగం బెజ్జంతో సరిపోదు. 130 ఎం.ఎం. పిడికి ఈ కొస నుంచి ఆ కొసకి నడిమధ్యన బెజ్జం పడాలి. అంతకుముందు పిడిని ముచ్చటగా తిప్పి, పాలిష్ కూడా పెట్టేసి, వైస్‌లో బిగించి చేతి డ్రిల్‌తో తొలిచేవాణ్ణి. పాతపట్నం నుంచి వచ్చే కమ్మరి పెద్దాయన ఒకసారి ఓ పిడి కంటి దగ్గర పెట్టుకుని చూసి, "ఏటి బావూ, ఇటు నడుమనే ఉంది, అటేటి అంచుకెలిపోనాది?" అన్నాడు. నిజమే. అటుపక్క అగ్గిపుల్ల మందం చెక్క మిగిలింది. పొన్ను తొడిగినా పగిలేదే.

చక్ వచ్చాక తిరిగేది కర్ర, బిట్ కదలదు. దాంతో బిట్ పక్కకి పోవడం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. చింతలో పోగు అడ్డదిడ్డంగా ఉంటుంది, ముడి తగిలితే బిట్ వంగుతుంది. ఏడాది పాటు చక్‌నే తిట్టుకున్నాను, పాపం. దాని తప్పేం లేదు, నేనే వరస తిరగేశాను. ఇప్పుడు గరుకుగా గుండ్రం చేసిన కర్రని ముందువైపు తిరిగే నాలుగు దవడల చక్‌లో పట్టించి ముందు బెజ్జం వేస్తాను. తర్వాత రెండు మూతుల్లోనూ శంకు సెంటర్లు ఆనించి, ఆ బెజ్జం చుట్టూ పిడి తిప్పుతాను. బిట్ ఎటు పోయినా రెండు మూతులూ నడుమకే వస్తాయి, తేడా అంతా పొట్టులో పోతుంది. లోపల కాస్త వంపు మిగిలినా కొడవలికి అడ్డం కాదు. కర్ర మాత్రం 8 ఎం.ఎం. లావు ఎక్కువ ఉంచుకోవాలి.

మామూలు 8 ఎం.ఎం. బిట్ పొడుగు 117, అందులో గాడి 75 మాత్రమే. గాడి మొత్తం కర్రలో మునిగిందంటే పొట్టుకి దారి ఉండదు, బిట్ బిగుసుకుంటుంది. అందుకే సెంటర్ డ్రిల్‌తో గుంట పెట్టి, పొట్టి బిట్‌తో 60 దాకా పోయి, మిగతాది 240 పొడుగు బిట్‌తో లాగిస్తాను. పొడుగుదాన్నే మొదట దింపితే వెదురుబద్దలా ఊగుతుంది. 10, 15 ఎం.ఎం.కోసారి వెనక్కి తీసి పొట్టు దులపాలి. కీచుమన్నా, మాడు వాసన వచ్చినా అప్పటికే ఆలస్యం చేశామన్నమాట.

ఆ వెనక్కి తీయడంలోనే దెబ్బ తిన్నాను. టేపర్‌ని పట్టి ఉంచేది రాపిడి తప్ప ఇంకేమీ లేదు. పనస కర్రలో బిట్ ఇరుక్కుంటే, లేత్ తిరుగుతుండగానే టెయిల్‌స్టాక్ వెనక్కి గుంజాను. చక్ ఊడొచ్చి, కర్రతో పాటు గిర్రున తిరిగి నా వేళ్ల కణుపులు గీరేసింది. టేపర్ మీద ఆ రోజు పడ్డ గాటు ఇంకా చేతికి తగులుతుంది. ఇప్పుడు లేత్ ఆపాకే లాగుతాను, టేపర్ పెట్టే ముందు గుడ్డతో తుడుస్తాను.

కొనేవాళ్లు ముందు లేత్ రెండు వైపులా ఉండే సెంటర్ల మొనలు ఎదురెదురుగా తెచ్చి కలుస్తున్నాయో లేదో చూసుకోండి. నా లేత్‌లో టెయిల్‌స్టాక్ అర ఎం.ఎం. కిందికి ఉండి, బెజ్జం మూతి గరాటులా అయ్యేది. నూనె డబ్బా రేకు ముక్క కింద పెడితే సరిపోయింది.

దవడలు ఇప్పుడు 3 ఎం.ఎం. కన్నా సన్నటి బిట్లని పట్టడం లేదు, జారిపోతున్నాయి. పిన్ను బెజ్జాలకి మా నాన్న బరమానే మళ్లీ దింపాను.