పన్నెండు అంగుళాల గ్లోబు: ఎనిమిదేళ్లు వాడాక

2017లో ఒంగోలులో ఒక పుస్తకాల షాపులో కొన్నాను దీన్ని. పన్నెండు అంగుళాల ప్లాస్టిక్ బంతి, దానికో ప్లాస్టిక్ స్టాండు, ఏడు వందల చిల్లర. గ్రాంటు కోసం చూస్తే ఆ ఏడాది కాస్తా గడిచిపోతుందని నా డబ్బే పెట్టాను. ఉలవపాడు దగ్గర సముద్రం వైపు ఊళ్లో మాదొక చిన్న ప్రాథమిక పాఠశాల. పిల్లల్లో సగం మంది మామిడి, సపోటా తోటల్లో పనికెళ్లే ఇళ్ల వాళ్లు, మిగతా సగం వేటకెళ్లే ఇళ్ల వాళ్లు.

ముందే చెప్పేస్తాను, మూడో తరగతి దాకా గ్లోబు దండగ. మొదటి ఏడాది ఉత్సాహంగా మూడో తరగతికి పట్టుకెళ్లి "ఇదే మన భూమి" అన్నాను. ఒక పిల్లవాడు కాసేపు దాన్ని అటూ ఇటూ చూసి, "మనం లోపలుండామా, బయటుండామా మేడం?" అన్నాడు. నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాడి తప్పేమీ లేదు. కింద నేల, పైన గిన్నె బోర్లించినట్టు నీలం ఆకాశం. బంతి లోపల ఉన్నామనుకోవడమే వాడికి సబబుగా తోచింది. ఆ వయసుకు బడి ఆవరణ, ఊరి దారులు, వాన నీళ్లు ఏ వైపుకి పారతాయో చూడడం, ఇవి చాలు. దిక్కులకు మాకు రైలు పట్టాలున్నాయి. మద్రాసు వైపు పోయే బండి దక్షిణం, ఒంగోలు వైపు పోయేది ఉత్తరం. సముద్రం ఎటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

గ్లోబులో తయారీ లోపాలూ ఉన్నాయి. రెండు చిప్పల్ని కలిపిన అతుకు సరిగ్గా భూమధ్యరేఖ మీదే వచ్చింది. వేలు పెడితే గట్టులా తగులుతుంది. "పడవలు ఈడికొస్తే తట్టుకోవా మేడం?" అని పల్లెపాలెం పిల్ల అడిగింది. అదే పిల్ల, సముద్రం ఈ రంగులో ఉండదని, వాన రోజుల్లో ఎర్రమట్టి నీళ్లలా ఉంటుందని నాతో వాదించింది కూడా. పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. చెన్నై అని అచ్చేసిన అక్షరాలు నెల్లూరు ఉండాల్సిన చోటునంతా మింగేశాయి. ఈ సైజు గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే దాదాపు 420 కిలోమీటర్లు. మా ఊరి నుంచి నెల్లూరుకు రెండు మిల్లీమీటర్లు, అంతే. బస్సులో రెండు గంటలు కూర్చుని వెళ్లిన పిల్లలు అది చూసి నమ్మలేదు.

గోడ మ్యాపు ఇంతకంటే మేలనుకునేరు. మా బడిలో ఉన్నది 23 జిల్లాల నాటిది. పైగా గోడకు వేలాడదీయడం వల్ల ఇంకో చిక్కు. హిమాలయాలు ఎటున్నాయని అడిగితే పిల్లలు కప్పు వైపు చూపిస్తారు. ఇప్పుడు దాన్ని ఊడదీసి నేల మీద, ఉత్తరం ఉత్తరానికి వచ్చేట్టు పరుస్తున్నాను. జిల్లా గీత మాత్రం చాక్‌పీసుతోనే గీస్తాను. మా కందుకూరు వైపంతా 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరులో కలిపారు. పిల్లల తాతల్ని, నాయనల్ని మీది ఏ జిల్లా అని అడిగి రమ్మంటే ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు వచ్చింది. ఆ రోజు పాఠం దానంతటదే నడిచింది.

మరి ఏడు వందలు వృథాయేనా? నాలుగేళ్లు అలాగే అనుకున్నాను. కరోనా సెలవుల్లో గ్లోబు బీరువాలో పడి ఉంది. బడి తెరిచేసరికి సముద్రపు గాలికి స్క్రూ తుప్పు పట్టి, స్టాండు విరిగి చేతికొచ్చింది. బంతి దొర్లిపోకుండా ఉంటుందని వంటావిడ దగ్గర చుట్టకుదురు అడిగి దాని మీద పెట్టాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ అడ్డం ఆ స్టాండేనని.

స్టాండు మీద గ్లోబు ఎప్పుడూ ఒకే వాలులో ఉంటుంది. కుదురు మీదైతే మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు. ఎండలోకి తీసుకెళ్లి, మన ఊరు సరిగ్గా నడినెత్తిన ఉండేలా, ఉత్తర ధ్రువం అసలు ఉత్తరం వైపు తిరిగి ఉండేలా పెట్టాలి. ఇక ముట్టుకోకూడదు. అప్పుడు భూమి మీద ఎండ ఎక్కడెక్కడ పడుతుందో బంతి మీదా అక్కడక్కడే పడుతుంది. ఊరున్న చోట కొవ్వొత్తి మైనంతో అగ్గిపుల్ల ముక్క నిలబెడితే, దాని నీడ, మా జెండా కర్ర నీడ ఒకే వైపుకి పోతాయి. ఐదో తరగతి పిల్లలు ఈ రెండు నీడల మధ్యా ఎన్నిసార్లు పరుగెత్తారో!

ఉదయం పదింటికి అమెరికా బంతికి అవతల చీకట్లో ఉంది. కువైట్ మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. అక్కడప్పుడు ఏడున్నర. ఒక పాప వంగి చూసి, "మా నాయన ఇప్పుడే పనికి పోతుంటాడు" అంది. గ్లోబును కదపకుండా అక్కడే వదిలేశాం. సాయంత్రం బడి వదిలే వేళకు జపాన్ నీడలోకి పోయింది. రాత్రీ పగలూ అన్న పాఠాన్ని టార్చిలైటుతో ఎన్నోసార్లు చెప్పాను కానీ ఇంత బాగా ఎప్పుడూ ఎక్కలేదు. కష్టమల్లా ఎవరో ఒకరు బంతిని తిప్పేయకుండా కాపలా కాయడమే.

ఆగస్టు రెండో వారంలో మా ఊరి మీద సూర్యుడు నడినెత్తికి వస్తాడు. మేలో మొదటిసారి వచ్చినప్పుడు వేసవి సెలవులు కదా. ఆ రోజు పన్నెండుంబావు ప్రాంతంలో అగ్గిపుల్లకూ నీడ ఉండదు, జెండా కర్రకూ ఉండదు. పన్నెండుకే ఎందుకు కాదని అడిగితే చెప్పడానికి గ్లోబే ఆధారం. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి. మా ఊరు దాదాపు 80వ డిగ్రీ మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పది నిమిషాలు ఆలస్యం. మిగతా ఐదు నిమిషాల సంగతి హైస్కూలు వాళ్లు చూసుకుంటారు. నాలుగేళ్లలో రెండుసార్లు మబ్బు పట్టి ఏమీ కనపడలేదు, అది వేరే సంగతి.

వానల పాఠానికి మాత్రం ఇదేమీ సాయం చేయదు. పాఠంలో వానాకాలం జూన్‌లో మొదలవుతుంది. మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అది పిల్లలే నాకు చెబుతారు.

ఇప్పుడు దాని మీద కాగితం ఆఫ్రికా దగ్గర లేచిపోయింది, రష్యా మీద ఎవరిదో ఇంకు మరక. నాలుగు, ఐదు తరగతులు చెప్పేవాళ్లు కొనుక్కోండి, పన్నెండు అంగుళాలకు తక్కువది వద్దు. నేనూ ఈ ఏడాది కొత్తది కొనాలి. స్టాండు వద్దంటే ఎంత తగ్గిస్తారో షాపులో అడిగి చూస్తాను.