‘మరుగు’ కింద మూడు గ్రీకు మాటలు: స్ట్రాంగ్స్ నిఘంటువు ఎంతవరకు పనికొస్తుంది?

పాలకొల్లులోనైనా అమలాపురంలోనైనా ప్రసంగం మధ్యలో “గ్రీకులో ఈ మాటకు అసలు అర్థం...” అని వినిపించిందంటే, దాని వెనక చాలాసార్లు ఉండేది ఫోన్లోని స్ట్రాంగ్స్ నిఘంటువే. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో వేసిన పెద్ద బైబిల్ పదసూచిక (ఏ మాట ఏ వచనంలో ఉందో చూపే పుస్తకం) చివర చేర్చిన చిన్న నిఘంటువు అది. హక్కుల కాలం ఎప్పుడో తీరిపోయింది, అందుకే బైబిల్ యాప్‌లలో ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే తెరుచుకునే యాప్‌లు ఉన్నాయి. తుపాను రోజుల్లో సిగ్నల్ పోయే లంక గ్రామాలకు అది చిన్న సంగతి కాదు. పనితనం ఎలా ఉందో చూడడానికి దీన్ని ఒకే గుంపు మీద నడిపాం: దాచడం, కప్పడం, మరుగుచేయడం.

ఈ గుంపునే ఎంచుకోవడానికి కారణం మన తెలుగు బైబిలే. “కొండమీదనుండు పట్టణము మరుగైయుండ నేరదు” (మత్తయి 5:14) అన్నచోట గ్రీకు మాట క్రుప్తో. “మరుగైనదేదియు బయలుపరచబడకపోదు” (మత్తయి 10:26) అన్నచోట కలుప్తో. “ఆయన మరుగై యుండలేకపోయెను” (మార్కు 7:24) అన్నచోట లాంథానో. మనకు వినపడేది ఒకే మాట, మూలంలో మూడు. లూకాలో ఇంకా చిత్రం. 9:45లోనూ 18:34లోనూ శిష్యులకు సంగతి “మరుగుచేయబడెను” అనే ఉంటుంది. మొదటిది పరాకలుప్తో, కొత్త నిబంధన మొత్తంలో అక్కడ తప్ప ఇంకెక్కడా రాని మాట. రెండోది మామూలు క్రుప్తో. తెలుగు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఈ తేడా ఎన్నేళ్లయినా కనపడదు.

ఇక్కడ స్ట్రాంగ్స్ నంబర్లు, అంటే ఒక్కో మూల మాటకు స్ట్రాంగ్ ఇచ్చిన వరస సంఖ్యలు, నిజంగా అక్కరకొస్తాయి. క్రుప్తో 2928, కలుప్తో 2572, లాంథానో 2990, పరాకలుప్తో 3871. గ్రీకు అక్షరాలు రానివాళ్లు కూడా నంబరు చూసి “ఇది వేరే మాట” అని క్షణంలో పట్టుకోవచ్చు. తెలుగు బైబిల్ పక్కన నంబర్లున్న కింగ్ జేమ్స్ (పాత ఇంగ్లిషు బైబిల్) పాఠం తెరిచి, కావలసిన ఇంగ్లిషు మాటను తాకితే నంబరు వస్తుంది. ఆ నంబరు మీద మళ్లీ తాకితే అది వచ్చే వచనాలన్నీ వరసగా వస్తాయి. చదవాల్సింది నిఘంటువు రాసిన రెండు ముక్కల అర్థం కాదు, ఆ వచనాల పట్టీని. కలుప్తో పట్టీ చిన్నది: 7 వచనాల్లో 8 సార్లు. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. దోనె అలలచేత కప్పబడింది (మత్తయి 8:24), దీపం మీద పాత్ర కప్పరు (లూకా 8:16), ప్రేమ అనేక పాపములను కప్పును (1 పేతురు 4:8). అలల కింద మునుగుతున్న దోనె ఎవరికీ తెలియని రహస్యం కాదు కదా! మీద మరొకటి వచ్చి పడడం కలుప్తో. ఇంకొకరి కంటపడకుండా చేయడం క్రుప్తో. ఎవరూ గమనించకుండా జారిపోవడం లాంథానో. హెబ్రీ 13:2లో కొందరు “ఎరుగకయే” దేవదూతలకు ఆతిథ్యం చేశారన్న చోట ఉన్నది ఈ మూడోదే, అక్కడ ఎవరూ దేన్నీ దాచలేదు.

ఈ గీతలు మరీ గట్టివి కావు. మత్తయి 10:26లోనే ఒక సగంలో కలుప్తో, రెండో సగంలో క్రుప్తోనుంచి వచ్చిన క్రుప్తొస్ పక్కపక్కనే, ఇంచుమించు ఒకే భావంతో నడుస్తాయి. మన అనువాదకులను తప్పుపట్టనూ అక్కర్లేదు. లూకా 23:30లో కొండలు “కప్పుడని”, ప్రకటన 6:16లో పర్వతాలు “మరుగు చేయుడి” అని వేరుగానే పెట్టారు. అక్కడ మూలంలోనూ మాటలు వేరే.

ఇక చిక్కులు. అన్నిటికంటే ఎక్కువమంది పడేది ఇది: నిఘంటువు పద్దులో అర్థం అయిపోయాక ఒక అడ్డగీత వస్తుంది, దాని తర్వాత కొన్ని మాటలు ఉంటాయి. అవి అర్థాలు కావు. కింగ్ జేమ్స్ అనువాదకులు ఆ గ్రీకు మాటను ఎక్కడెక్కడ ఎలా తిప్పారో చెప్పే జాబితా. దాంట్లో ప్రసంగానికి నచ్చిన మాటను ఏరుకుని “గ్రీకులో ఈ అర్థం కూడా ఉంది” అనడం అక్కడినుంచే పుడుతుంది.

రెండోది చుట్టరికాల గోల. కలుప్తో పద్దులో స్ట్రాంగ్ దాన్ని క్రుప్తోకీ, దొంగిలించడం అనే క్లెప్తోకీ బంధువుగా చూపుతాడు. ఆ చుట్టరికానికి ఆధారం బలహీనం. “దాచడమంటే గ్రీకులో దొంగతనమే” అని దాని మీద మేడ కడితే కూలుతుంది. (మన చెవికి కలుప్తో అంటే వరిచేలో కలుపు గుర్తొస్తుంది. దొంగతనంతో చుట్టరికాన్నీ అలాగే అనుకోండి.)

మూడోది పాఠం తేడా. స్ట్రాంగ్ నంబర్లు కింగ్ జేమ్స్ వెనకున్న గ్రీకు పాఠాన్ని అనుసరిస్తాయి. “జ్ఞానులకును వివేకులకును ఈ సంగతులను మరుగుచేసి” (మత్తయి 11:25) దగ్గర ఆ పాఠంలో అపోక్రుప్తో, నంబరు 613. పాత రాతప్రతులను పోల్చి సిద్ధం చేసిన ఇప్పటి విమర్శక పాఠంలో ఉత్త క్రుప్తోయే. తలాంతును భూమిలో దాచిన 25:18లోనూ ఇదే తేడా. కాబట్టి ముందున్న ‘అపో’ ఉపసర్గ మీదే అరగంట బోధించేముందు రెండో పాఠం ఒకసారి చూసుకోవాలి. ఉపసర్గల విషయంలో నిఘంటువు కూడా కొంచెం తొందరపడుతుంది. ఎలీసబెతు అయిదు నెలలు “ఇతరుల కంటబడకుండెను” (లూకా 1:24) అన్నచోట పెరిక్రుప్తో, 4032. ‘పెరి’ అంటే చుట్టూ గనుక “నాలుగు వైపులా దాచుకోవడం” అని భాగాలు కలిపి అర్థం చెబుతుంది. తెలుగు అనువాదమే అక్కడ చక్కగా ఉంది.

నాలుగోది, క్రియారూపం తెలియకపోవడం. నంబరు సాధారణంగా మూలరూపానికే ఇస్తారు. మత్తయి 13:44లో “దాచబడిన ధనము” అన్నదీ, దాన్ని కనుగొన్నవాడు మళ్లీ “దాచిపెట్టి” అన్నదీ రెండూ 2928గానే కనిపిస్తాయి. మొదటిది అప్పటికే దాగి ఉన్న స్థితి, రెండోది ఒక్కసారి చేసిన పని. కొలస్సయి 3:3లో “దాచబడియున్నది” కూడా స్థితే. ఆ “యున్నది”ని తెలుగు భద్రంగా నిలబెట్టింది, నిఘంటువు నిలబెట్టలేదు. ఇది కావాలంటే వ్యాకరణ రూపం కూడా చూపే యాప్ ఎంచుకోవాలి. గ్రీకు పాఠంలో ఉన్న రూపాన్ని అలాగే వెతుకుడు పెట్టెలో కొడితే ఏమీ రాకపోవచ్చు. ఎక్రుబే అన్న రూపంలో ‘ప’ కాస్తా ‘బ’ అయిపోయి ఉంటుంది, మూలరూపం క్రుప్తో అని తెలిసి ఉండాలి.

అయిదోది దీని పరిధి. గ్రీకు నంబర్లు కొత్త నిబంధన మాటలకే. పాత నిబంధన గ్రీకు అనువాదాన్ని ఇది చూడదు. ఆ లోటు ఎంతో పుల్లని పిండి ఉపమానం దగ్గర తెలుస్తుంది. స్త్రీ మూడు కుంచముల పిండిలో “దాచిపెట్టిన” అన్నచోట ఎంక్రుప్తో, 1470, లోపల పెట్టి దాచడం. ఆదికాండం 18:6లో శారా మూడు కొలతల పిండితో చేసిన రొట్టెలకు గ్రీకు అనువాదం వాడిన మాట ఎంక్రుఫియాస్, నిప్పుల బూడిదలో కప్పి కాల్చే రొట్టె. అదే మూలం, అవే మూడు కొలతలు. తెలుగులో ఈ బంధం ఇంకోలా తెగింది: ఆదికాండంలో “మూడు మానికలు”, మత్తయిలో “మూడు కుంచములు”. మన కొలతలో నాలుగు మానికలైతే ఒక కుంచం, కాబట్టి రెండూ ఒకే కొలత అని ఎవరికీ తట్టదు. పైగా దీపం మీద బోర్లించకూడని “కుంచము” (మత్తయి 5:15) ఇంకో పాత్ర. అది మొదియొస్, 3426, సుమారు 9 లీటర్లు. పిండి కొలిచింది సాతొన్, 4568, సుమారు 13 లీటర్లు. మూడు సాతొన్లంటే 39 లీటర్ల పిండి, ఒక ఇంటి పూటకు చేసే రొట్టె కాదు. ఈ విషయంలో మాత్రం నంబర్లు మంచి మార్కులు కొట్టాయి, అనువాదం కలిపేసిన రెండు పాత్రలను విడదీశాయి.

నంబర్లలో 2717, 3203 నుంచి 3302 వరకు ఖాళీ. అవి కొట్టి ఏమీ రాలేదని యాప్ తీసేయకండి.

దీనికి తోడు ఏది? 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్‌లతో నరసాపురం వైపు మొదలైన బ్రదరన్ సభల్లో డబ్ల్యు. ఇ. వైన్ రాసిన కొత్త నిబంధన మాటల నిఘంటువు మీద అభిమానం సహజం, ఆయనా బ్రదరన్ మనిషే. 1940 నాటి ఆ పుస్తకంలో ‘దాచు’ అనే ఒక్క శీర్షిక కింద ఈ కుటుంబమంతా వస్తుంది, పోల్చుకోవడానికి స్ట్రాంగ్స్ కన్నా సుఖం. ఇంగ్లిషు మాటల వరసలో ఉండడం ఒక్కటే ఇబ్బంది. ఉచితంగా దొరికే థేయర్ గ్రీకు నిఘంటువు పెద్దదే గానీ 1886 నాటిది. ఈజిప్టులో దొరికిన పాత పపైరస్ కాగితాల వెలుగులో కొత్త నిబంధన గ్రీకును జర్మన్ పండితుడు డైస్‌మన్ 1895లో చూపించకముందు తయారైంది. వాడుక ఉదాహరణలకు థేయర్ బాగుంటుంది, తుది తీర్పుకు చాలదు.

గ్రీకు రాని బోధకులకూ సండే స్కూలు టీచర్లకూ స్ట్రాంగ్స్‌ను ధైర్యంగా చెప్పవచ్చు, నంబర్లు పట్టుకుని వచనాల పట్టీ చదివే పనికి. అయిదుకు మూడున్నర. అర్థాల కోసమే అయితే రెండు. మొదలుపెట్టేవాళ్లు 2572తో మొదలుపెట్టి ఆ 7 వచనాలూ చదివి, అక్కడినుంచి 601కి వెళ్లండి: అపోకలుప్తో, కప్పిందాన్ని తీయడం. 602 దాని నామవాచకం, మన ప్రకటన గ్రంథం పేరు.