డాలర్ గుర్తున్న పాస్‌వర్డ్, తెలుగు పేరున్న వైఫై: ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐతో నా అనుభవం

ఇందుకూరుపేట మండలంలో మా బావ రొయ్యల గుంటల షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి పెట్టాను. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో పది నిమిషాలకోసారి ఫోనుకు పంపడం దాని పని. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. అప్పుడు వైఫై పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేసే మనిషికి కబురందదు.

దానికి మానిటర్ లేదు, లాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టాల్సిందే. 2023లో దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు బుక్‌వార్మ్ అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఆ బోర్డులో వైఫైని నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటోంది. దాని కమాండే ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ.

బావ పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాల్లో రొయ్యలు$2023. డబుల్ కోట్స్‌లో పెట్టి కొట్టాను, కనెక్ట్ కాలేదు. పాస్‌వర్డ్ తప్పన్న మాటే రాలేదు, సీక్రెట్స్ (అంటే పాస్‌వర్డే) ఇవ్వలేదని వచ్చింది. గంటసేపు రూటర్ చుట్టూ తిరిగాను. "ఏంది బామ్మర్దీ, ఇంకా పళ్ళేదా?" అని బావ రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. జరిగిందేమంటే, $2 అనేదాన్ని, మనం కొట్టే కమాండ్లను ముందుగా చదివే బాష్ షెల్ తన వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) అనుకుని ఖాళీ చేసేసింది. ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐకి అందింది రొయ్యలు023 మాత్రమే. సింగిల్ కోట్స్‌లో పెడితే ఒక్క దెబ్బకు కలిసింది. ఇప్పుడు అదీ చేయను. ముందు రెండు మైనస్‌లతో ఆస్క్ అని చేరుస్తాను, పాస్‌వర్డ్ అదే అడుగుతుంది. షెల్ వేలు పెట్టదు, కొట్టిన కమాండ్ల హిస్టరీలోనూ పాస్‌వర్డ్ మిగలదు.

తర్వాత బావ వైఫైకి తెలుగు పేరు కావాలన్నాడు. 'చెరువు గట్టు' అని పెట్టబోతే రూటర్ ఒప్పుకోలేదు. వైఫై పేరుకు హద్దు 32 బైట్లు. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు. లెక్కేస్తే 34 వచ్చాయి! 'గట్టు' అంటే 15తో సరిపోయింది. లిస్టులో ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ ఆ పేరును ఒత్తుతో సహా శుభ్రంగా చూపింది, నాకు భలే సంతోషమేసింది. కమాండులో మాత్రం తెలుగు టైపు చేసే పని లేకుండా ఆ కనెక్షన్‌కున్న యూయూఐడీ అనే గుర్తింపు కోడ్‌తో కలుపుతున్నాను.

స్క్రిప్టు రాసేవాళ్లకు ఒక మాట. ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐకి మైనస్ టీ చేరిస్తే, స్క్రిప్టు చదవడానికి వీలుగా వచ్చే వరుసలో గడుల మధ్య కోలన్ ఉంటుంది. పేరులోనే కోలన్ ఉంటే దాని ముందు \ చేరుస్తుంది. పక్క షెడ్డు వైఫై పేరు 'షెడ్:2'. కోలన్ దగ్గర కోసే నా స్క్రిప్టు ఆ 2ను సిగ్నల్ అనుకుంది. సిగ్నల్‌ను మొదటి గడిలోకి, పేరును చివరికి మార్చి, ఆ \ చేర్చకుండా ఎస్కేప్‌కు నో ఇచ్చాను. మొదటి కోలన్ దగ్గర ఒక్కసారి కోస్తే చాలు, మిగిలిందంతా పేరే.