ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్‌లు: పనితనం బాగుంది, డిఫాల్ట్‌లు మాత్రం మార్చుకోవాల్సిందే

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్)లో వచ్చే రిక్వెస్ట్‌లని సర్వర్లకి పంచిపెట్టేది అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్. ఏ సర్వర్ బాగుందో కనిపెట్టే దాని హెల్త్ చెక్ నమ్మకంగానే పనిచేస్తుంది. కాకపోతే దానికి తెలిసింది ఒక్కటే: ఫలానా పాత్‌కి (అడ్రస్‌లో డొమైన్ తర్వాతి భాగానికి) రిక్వెస్ట్ పంపితే గడువులోగా సరైన కోడ్ వచ్చిందా, లేదా. ఎప్పుడు 200 (అంతా బాగుందనే కోడ్) ఇవ్వాలో తేల్చుకోవాల్సింది మనమే. ఈ సర్వీసు మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

టార్గెట్ గ్రూప్ (ట్రాఫిక్ అందుకునే సర్వర్ల జాబితా) చేసేటప్పుడు ఏమీ ముట్టుకోకపోతే 30 సెకన్లకోసారి చెక్, 5 సెకన్ల టైమౌట్, వరసగా 2 సార్లు ఫెయిలైతే అన్‌హెల్తీ, వరసగా 5 సార్లు పాసైతే మళ్లీ హెల్తీ. పాత్ ఉత్త స్లాష్, సక్సెస్ కోడ్ 200. లెక్క వేస్తే, పడిపోయిన సర్వర్‌ని పక్కన పెట్టడానికి నిమిషం దాకా పడుతుంది. ఆలోపు దాని వాటాకి వెళ్లిన యూజర్లకి 502, 504 ఎర్రర్లే. కోలుకున్నాక తిరిగి వరసలోకి రావడానికి ఇంకో రెండున్నర నిమిషాలు. మామూలు వెబ్ అప్లికేషన్‌కి ఇంటర్వల్ 10, టైమౌట్ 5, అన్‌హెల్తీ 3, హెల్తీ 2 పెట్టుకుంటే రెండూ అర నిమిషం అటూ ఇటూగా తేలిపోతాయి. ఇంటర్వల్‌ని 5 దాకా దించొచ్చు గానీ, లోడ్ బ్యాలెన్సర్ నోడ్లు ఎన్నుంటే అన్నీ విడివిడిగా చెక్ చేస్తాయని, సర్వర్‌కి ఆ మేరకు రిక్వెస్ట్‌లు పెరుగుతాయని మరవకండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కొత్తగా చేరిన సర్వర్ ఒక్క చెక్ పాసైతే చాలు, ట్రాఫిక్ మొదలవుతుంది; హెల్తీ కౌంట్ 5 దానికి వర్తించదు. కాబట్టి క్యాష్ నిండకముందే, కనెక్షన్లు తెరుచుకోకముందే 200 ఇచ్చే అప్లికేషన్ మొదటి రిక్వెస్ట్‌లకే ఆయాసపడుతుంది. కొత్త సర్వర్‌కి ట్రాఫిక్‌ని మెల్లమెల్లగా పెంచే స్లో స్టార్ట్ అనే సెట్టింగ్ ఉంది, 30 నుంచి 900 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్.

మొదటిసారి పెట్టేవాళ్లకి తరచూ తగిలే దెబ్బ హోస్ట్ హెడర్, అంటే రిక్వెస్ట్ ఏ సైట్ కోసమో చెప్పే లైను. చెక్ రిక్వెస్ట్‌లో డొమైన్ పేరు ఉండదు, సర్వర్ ప్రైవేట్ ఐపీ ఉంటుంది. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో అలౌడ్ హోస్ట్స్ జాబితాలో ఆ ఐపీ లేకపోతే 400 ఎర్రర్ వచ్చేస్తుంది. బ్రౌజర్‌లో సైట్ చక్కగా తెరుచుకుంటుంది, ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లో మాత్రం అన్‌హెల్తీ! హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించే రూల్ ఉంటే 301 వస్తుంది, అదీ ఫెయిలే. విసుగొచ్చి సక్సెస్ కోడ్స్‌ని 200 నుంచి 499 దాకా తెరిచేస్తే 404 కూడా ఆరోగ్యమే అయిపోతుంది. అలా కాకుండా, అప్లికేషన్ ముందు వెబ్ సర్వర్‌గా ఉండే ఎన్జింక్స్‌లో హెల్త్ పాత్‌కి ప్రత్యేకంగా లొకేషన్ బ్లాక్ రాసి, రీడైరెక్ట్ దానికి తగలకుండా చూసి, అప్లికేషన్‌కి పంపేటప్పుడు హోస్ట్ హెడర్‌లో అసలు డొమైన్ పెట్టండి.

చెక్ ఎందుకు తప్పిందో చెప్పే రీజన్ కోడ్‌లకి మాత్రం మంచి మార్కులే ఇవ్వాలి. టైమౌట్ అని వస్తే ముందు సర్వర్ సెక్యూరిటీ గ్రూప్ (ఫైర్‌వాల్ రూల్స్) చూడండి, లోడ్ బ్యాలెన్సర్ గ్రూప్ నుంచి ఆ పోర్ట్‌కి దారి ఉందా అని. రెస్పాన్స్ కోడ్ మిస్‌మ్యాచ్ అయితే వచ్చిన కోడ్ పక్కనే కనిపిస్తుంది. కనెక్షన్ దగ్గరే ఎర్రర్ వస్తే ఫెయిల్డ్ హెల్త్ చెక్స్ అంటుంది, అంటే తరచుగా ప్రాసెస్ ఆ పోర్ట్‌లో వినడం లేదని అర్థం. లోటేమిటంటే, లోడ్ బ్యాలెన్సర్ ఆక్సెస్ లాగ్స్‌లో ఈ చెక్‌లు కనబడవు. సర్వర్ లాగ్‌లో ఈఎల్‌బీ (ఎలాస్టిక్ లోడ్ బ్యాలెన్సింగ్) హెల్త్‌చెకర్ అనే యూజర్ ఏజెంట్ కోసం వెతుక్కోవచ్చు.

ఇక అసలు ప్రమాదం. హెల్త్ పాత్‌లో డేటాబేస్ క్వెరీ పెట్టడం చాలామందికి జాగ్రత్తలా అనిపిస్తుంది. డేటాబేస్ ఓ నిమిషం పాటు మొరాయిస్తే అన్ని సర్వర్లూ ఒకేసారి చెక్ తప్పుతాయి. టార్గెట్ గ్రూప్‌లో అందరూ అన్‌హెల్తీ అయితే లోడ్ బ్యాలెన్సర్ ఫెయిల్ ఓపెన్ అయి అందరికీ ట్రాఫిక్ పంపుతుంది, అక్కడిదాకా పర్వాలేదు. కానీ సర్వర్ల సంఖ్యని చూసుకునే ఆటో స్కేలింగ్ గ్రూప్‌లో ఈఎల్‌బీ హెల్త్ చెక్ ఆన్ చేసి ఉంటే అది మంచి సర్వర్లనే చంపి కొత్తవాటిని తెస్తుంది. అవన్నీ ఒక్కసారిగా అదే డేటాబేస్ మీద కనెక్షన్ల కోసం ఎగబడతాయి. ఆ ఒక్క సర్వర్‌కే వచ్చే జబ్బుని చెక్‌లో పెట్టండి: డిస్క్ నిండటం, కనెక్షన్ పూల్ ఇరుక్కోవడం. అందరికీ ఉమ్మడిగా ఉన్నవాటిని వేరే పాత్‌లో పెట్టి అలారంకి కట్టండి.

గ్రేస్ పీరియడ్ కూడా చూసుకోవాలి, అంటే కొత్త సర్వర్ చెక్ తప్పినా ఆటో స్కేలింగ్ దాన్ని చంపకుండా ఆగే సమయం. కన్సోల్‌లో ఆటో స్కేలింగ్ గ్రూప్ చేస్తే 300 సెకన్లు ఉంటుంది, కమాండ్ లైన్ నుంచి చేస్తే 0. లేవడానికి రెండు నిమిషాలు పట్టే అప్లికేషన్‌కి 0 అంటే, లేచేలోపే సర్వర్ పోతుంది. మళ్లీ కొత్తది, మళ్లీ అదే కథ.

ప్రొడక్షన్‌కి ముందు రెండు రకాలుగా పరీక్షించండి. ఒక సర్వర్‌లో ఆ పోర్ట్‌లో వినే ప్రాసెస్‌ని పూర్తిగా ఆపి ఫెయిల్డ్ హెల్త్ చెక్స్ వస్తుందా చూడండి. తర్వాత స్టాప్ సిగ్నల్‌తో ప్రాసెస్‌ని స్తంభింపజేయండి, ఈసారి టైమౌట్ రావాలి. చివరిగా లోడ్ టెస్ట్ నడుస్తుండగా హెల్త్ పాత్ రెస్పాన్స్ టైమ్ కొలవండి. మామూలు రిక్వెస్ట్‌ల క్యూలోనే అదీ నిలబడి 5 సెకన్లు దాటుతుంటే, రద్దీ వేళ ఒక సర్వర్ జారగానే దాని బరువు పక్కవాటి మీద పడి అవీ జారతాయి. అలాంటప్పుడు టైమౌట్ పెంచడం కన్నా ఆ పాత్‌కి విడిగా ఒక వర్కర్ (రిక్వెస్ట్‌లు తీసుకునే ప్రాసెస్) కేటాయించడం మేలు.